ఎదురింటి బాబాయిగారు పెట్టిన సంతకం

మా ఎదురింటి బాబాయిగారు పోయారని మొన్న పొద్దున్న పాలు పోసే ఆవిడ చెప్పింది. గుండెపోటట. నాకు ఏడుపు కంటే ముందు అనుమానం వచ్చింది, ఉద్యోగంలో అంటుకున్న జబ్బేదో దాచారేమోనని. ఆయన విషయంలో నా బుద్ధి ఎప్పుడూ అంతే.

అణు విద్యుత్ కేంద్రాల వ్యర్థాల్ని భూమిలో ఎక్కడ, ఎప్పుడు పాతిపెట్టాలో ప్రణాళికలు వేసే సర్కారు ఆఫీసులో పనిచేసి, రిటైరయ్యాక సొంతూరని మామిడికుదురు వచ్చేశారు. ఏ ఏడు స్థలం చూడాలి, ఏ ఏడు తవ్వాలి, ఏ ఏడు మూసెయ్యాలి, ఆ తర్వాత ఎన్ని తరాలు కాపలా కాయాలి, అన్నీ గడులు గీసి రాయడమే ఆయన పని. ఇంట్లో కొబ్బరి దింపుకి కూడా గోడమీద పట్టిక ఉండేది. దింపు మనిషి ఒక్కసారీ ఆ తేదీకి రాలేదు. "మా ఆఫీసులోనూ ఇంతేనండి. తేదీలు కదుల్తాయి, సరుకు కదలదు" అని నవ్వేవారు.

నిరుడు తెల్లకారులో ఎవరో వచ్చి మా చేలల్లో మట్టి తీసి సంచుల్లో కట్టుకుపోయారు. భూమిలో గ్యాసుందేమో చూడ్డానికన్నారు. నేను నమ్మలేదు. ముందు ఈయన రావడమేమిటి, వెనకాలే వాళ్ళు రావడమేమిటి? ఆ చెత్త మా నెత్తిన రుద్దుతున్నారని అర్జీ రాసి ఇంటింటికీ తిప్పాను. ఊరు ఆయనతో మాటలు తగ్గించేసింది. చర్చిలో ఆయన పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు.

ఒక సాయంత్రం ఆయనే మా అరుగు మీదకి వచ్చారు.

"ఆ అర్జీ ఇలా ఇవ్వండి, నేనూ సంతకం పెడతాను."

"మీరెందుకండీ?"

"అన్నేళ్ళు గడులు గీసేను. ఇదేంటని ఒక్క ఊరివాళ్ళూ వచ్చి అడగలేదండి."

"ఇక్కడ పాతిపెడతారా లేదా, అది చెప్పండి."

"ఆఫీసుకే రాయండి. జవాబొచ్చేదాకా రాస్తూనే ఉండండి."

"ఆయ్" అన్నాను గానీ, దొంగే దొంగా దొంగా అని అరిచినట్టుందనుకున్నాను. తర్వాత వచ్చిన జవాబులోనూ గ్యాసనే ఉంది. అదీ సగమే నమ్మాను.

నిన్న సమాధుల తోటలో గొయ్యి తవ్వుతుంటే మూడడుగులకే నీళ్ళు ఊరాయి. మా కోనసీమలో ఇది మామూలే. గబగబా బకెట్లతో తోడి, మళ్ళీ ఊరేలోపు పెట్టె దించేస్తారు. బాబాయిగారి భార్య, మా పిన్నిగారు, ఆ నీళ్ళనే చూస్తూ అన్నారు.

"ఉద్యోగమంతా చెమ్మ లేని రాతినేల కోసం తిరిగేరండి. నీళ్ళున్నచోట ఆ చెత్త పెట్టకూడదంటండి."

ఆ ఒక్క ముక్క మా అరుగు మీద చెప్పి ఉంటే అర్జీ అక్కడే చించేసేవాణ్ణి. ఆయన చర్చిలో ఒంటరిగా కూర్చోవలసిన పనీ ఉండేది కాదు. తెలిసీ చెప్పలేదు, పైగా సంతకం పెట్టారు. చెబితే మేము అడగడం మానేస్తామని భయపడ్డారు. ఇది తట్టేసరికి నాకు ఏడుపు ఆగలేదు.

బకెట్ నేను తీసుకుని గోతిలోకి దిగాను. తోడినకొద్దీ ఊరుతూనే ఉంది. "చాలండి, దించేద్దాం" అన్నారెవరో. ఒక్క నిమిషం పొడి మట్టి కనిపించేదాకా ఆగమని బతిమాలాను.