బొట్టు పెట్టని ఈమెయిల్

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ భూమ్మీద ఉండేది కాదు. అనంతపురంలో డిగ్రీ, దాని మీద ఎక్సెల్ కోర్సు, ఆ కోర్సులో ఫస్టు వచ్చినందుకు ఇచ్చిన ప్లాస్టిక్ జ్ఞాపిక. ఇన్ని ఉన్న మనిషికి భయమెందుకుంటుంది? బెంగళూరు నగర్తపేటలో ఒక పట్టుచీరల దుకాణంలో మొదటి ఉద్యోగం దొరికినప్పుడు, ఆ దుకాణం అదృష్టం పండిందనే మనస్ఫూర్తిగా నమ్మాను. (దుకాణం వాళ్ళు అప్పటికింకా నమ్మలేదు.)

ఓనరును అందరూ సావుకారు అనేవాళ్ళు. తాతల కాలంలో మా సీమ నుంచే వచ్చి స్థిరపడ్డ కుటుంబం కాబట్టి తెలుగూ కన్నడమూ ఒకే గుక్కలో మాట్లాడేవాడు. ప్రతి సీజనుకూ కార్డులు అచ్చేయించి పంపే ఆయనకు ఈమెయిల్ అయితే సులువని ఎవరో ఎక్కించారు. బిల్లు రాసేటప్పుడు కస్టమర్ల పేరు, ఫోను, ఈమెయిల్ కంప్యూటర్లో కొట్టుకోవడం అప్పటికే ఉంది. ఆ డేటాబేసును శుభ్రం చేసి, పెళ్ళిళ్ళ సీజనుకు కొత్త చీరలు చూడ్డానికి రమ్మని అందరికీ మెయిల్ పంపడం నా పని. "చూడమ్మా, నీ మెయిల్ చూసి జనం వస్తే నీ పని పర్మనెంటు. రాలేదంటే సుమ్మనే, ఊరికే నీకూ టైము వేస్టు, నాకూ వేస్టు" అన్నాడు. పర్మనెంటు కాకపోతే నేను ఊరికి పోయి మా మామయ్య జిరాక్సు షాపులో కూర్చోవాలి. ఆయన అప్పుడే కుర్చీ తుడిచి పెట్టాడని అమ్మ ఫోన్లో చెప్పింది.

డేటాబేసు తెరిచాక నాకు పండగే. ఒకరి ఫోన్ నంబరులో ఒక అంకె తక్కువ, ఇంకొకరి ఈమెయిల్ ఉండాల్సిన చోట ఊరి పేరు. అన్నిటికంటే ఘోరం, ఒకే ఈమెయిల్ కింద ఆరేడు పేర్లు! ఇప్పుడైతే తెలుసు, మన ఇళ్ళల్లో ఈమెయిల్ మనిషికి కాదు, ఇంటికి ఉండేది. కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం ఎవరిదైతే వాళ్ళ మెయిలే అత్తకూ, పెద్దమ్మకూ, పిన్నికీ. అప్పుడు మాత్రం నాకు అవన్నీ డూప్లికేట్లుగానే కనబడ్డాయి. అన్నీ కలిపి ఒకటి చేస్తే ఏ పేరు ఉంచాలని సాఫ్ట్‌వేర్ మర్యాదగా అడిగింది. ఆఖరున ఎవరు కొన్నారో వాళ్ళ పేరు ఉంచమని నొక్కాను, కోర్సులో అట్లాగే చెప్పారు మరి. సాయంత్రానికి కస్టమర్లు సగమయ్యారు. "సగం మంది ఏడికి పోయిరమ్మా?" అని సావుకారు గుండె పట్టుకున్నాడు. "ఎక్కడికీ పోలేదు సార్, శుభ్రమయ్యారు" అన్నాను.

మెయిల్ కూడా నేనే రాసి, డేటాబేసులో మిగిలిన పేరు ఒక్కోదాని పైన పడేట్టు పెట్టి, ఆ సాయంత్రమే పంపేశాను. 'మా దుకాణానికి అందరికంటే ముఖ్యమైన కస్టమర్ మీరే! మీ కుటుంబాన్ని మీరే వెంటబెట్టుకుని రండి.' ఆ రెండో 'మీరే' దగ్గర నాకే కళ్ళు చెమర్చాయి.

మర్నాడు పొద్దున్నే బొమ్మనహళ్ళి నుంచి ఒక జేజి ఆటోలో దిగింది. (మా వైపు అవ్వను జేజి అంటాం.) నుదుట రూపాయంత బొట్టు, చేతిలో మడిచిన గొడుగు. ఆమె కొడుకులకు అక్కడ బట్టలు కుట్టే యూనిట్ ఉంది. ఆ ఇంట్లో ఏ పెళ్ళికైనా చీరలు మా దుకాణానివే. ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం చేసే మనవడికి వచ్చే నెలలో పెళ్ళి. ఇంటిల్లిపాదికీ ఉన్న ఒక్క ఈమెయిలూ ఆ పెళ్ళికొడుకుదే. జేజి వెనకాల ఆమె చిన్న కోడలు తల వంచుకుని నిలబడింది.

"ఎవురప్పా ఆ మెయిలు పంపినోళ్ళు? రాత్రి అన్నాలకాడ మా పిల్లోడు గట్టిగా చదివినాడు. మీకు ముఖ్యమైనోళ్ళు మా చిన్న కోడలంట! ఆయమ్మ మమ్మల్నందర్నీ పిల్చుకొని రావల్లంట! నేను ఉండానా, పోయినానా?"

"కూర్చో జేజీ, కాఫీ చెప్తా" అన్నాడు సావుకారు.

"కాఫీ ఏమొద్దు. మా పెద్ద కోడలు రాత్రి నుంచి ముద్ద ముట్టలే. ఎదురు దుకాణమాయప్ప పిలస్తానే ఉండాడు, ఆడికే పోతాం. ఈ మాట చెప్పేకే వచ్చినా."

"నేను పోయిన వారం ఒక జాకెట్టు గుడ్డ తీసుకుంటి, అంతే అత్తా" అంది చిన్న కోడలు, ఏడుపు గొంతుతో.

సావుకారు నా వైపు చూశాడు. ఆ చూపులో నాకు మామయ్య జిరాక్సు మిషను చప్పుడు స్పష్టంగా వినిపించింది. అంతే, ఎక్కడి నుంచి వచ్చిందో ధైర్యం, లేచి నిలబడ్డాను. "జేజీ, ఇంటికి పెద్దవాళ్ళను ఎక్కడైనా మెయిల్లో పిలుస్తారా? మెయిళ్ళు చిన్నవాళ్ళకు. పెద్దవాళ్ళను ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవాలని మా రూలు. నేను మీ ఇంటికే బయలుదేరుతున్నా, ఇంతలో మీరే వచ్చేశారు."

సావుకారు నోరు తెరిచాడు, మూయడం మరిచిపోయాడు. జేజి నన్ను పైనుంచి కిందికి చూసి, "బయలుదేరినదానివి, కుంకుమ ఏదీ?" అంది. గల్లాపెట్టె పైనున్న దేవుడి పటం ముందు నుంచి భరిణె లాగి ఆమెకు బొట్టు పెట్టాను. తొందరలో సగం ముక్కు మీద రాలింది. జేజి కొంగుతో తుడుచుకుని, "అబద్ధమాడతాండావని తెలుసులే పాపా. అయినా పిలిచినావు కదా, చాలు. సాయంత్రం ఇంటికొచ్చి మా పెద్ద కోడలికి కూడా బొట్టు పెట్టి పిలువు, ఆయమ్మ అన్నం తినల్ల" అంది. అప్పుడు కాఫీ తాగింది.

ఆమె ఆటో ఎక్కగానే సావుకారు భరిణె నా చేతికిచ్చాడు. "రూలు అన్నావు కదా. పో, అన్ని ఇండ్లకూ పో!" శుభ్రం చేయకముందు తీసి ఉంచిన పాత కాపీ నుంచి పోయిన పేర్లన్నీ వెనక్కి తెచ్చి, ఎవరు ఏ ఇంటివాళ్ళో కలిపి, 'ఇంటి పెద్ద' అని కొత్త కాలమ్ పెట్టాను. ఇంటికి ఒక్కటే మెయిల్, అది పెద్దావిడ పేరు మీద. పగలు కీబోర్డు, సాయంత్రం కుంకుమ. బెంగళూరు బస్సు రూట్లన్నీ నాకు అట్లాగే వచ్చాయి. జేజి కుటుంబం వ్యాన్లు మాట్లాడుకుని మరీ దిగింది, ఉద్యోగం పర్మనెంటయింది, మామయ్య ఆ కుర్చీ ఇంకెవరికో ఇచ్చేశాడు.

ఇప్పుడు ఎలక్ట్రానిక్ సిటీలో పెద్ద కంపెనీలో ఇదే పని నాది, కింద ఒక టీమ్ కూడా ఉంది. పోయిన వారం ఏదో నగల దుకాణం మెయిల్ వచ్చింది. నేనూ మా తోడికోడలూ అక్కడ మా ఆయన ఈమెయిలే ఇచ్చి ఉన్నాం. ఆయన గట్టిగా చదివాడు. 'మా ముఖ్యమైన కస్టమర్' అంటూ ఉన్నది మా తోడికోడలి పేరు. "ఏముంది, డూప్లికేట్లు కలిపేసి లేటెస్ట్ రికార్డు ఉంచి ఉంటారు, మామూలే" అని నేనే అందరికీ తేలిగ్గా వివరించాను. తర్వాత అన్నం సయించలేదు. ఇంటికి పెద్ద కోడలిని నేను కదా! గేటు చప్పుడైతే చటుక్కున లేచి చూశాను, నీళ్ళ క్యాను తెచ్చిన అతను. ఒంటి నిండా ధైర్యంతో, చేతిలో కుంకుమ భరిణెతో బస్సులు పట్టుకు తిరిగిన ఆ అనంతపురం పిల్ల ఒక్కసారి మా ఇంటికి కూడా వస్తే బాగుండునని నవ్వుకుంటూ తలుపు వేశాను.