అణియం మీద అక్క

పోయిన ఆదివారం మా అక్క నా ఫోనుకి ఒక ఫొటో పంపింది. మడ అడవులు చూపించే టూరిస్టు పడవలో, నారింజ రంగు లైఫ్ జాకెట్టు తగిలించుకుని, మోకాళ్ళ నొప్పులని మొన్నటిదాకా మంచం దిగని మనిషి హాయిగా నవ్వుతూ కూర్చుని ఉంది. వెనకాల ఒడ్డున అటవీశాఖ వాళ్ళ బోర్డు, దాని మీద నీటికుక్క బొమ్మ. ఇంకొకరైతే ముందు ఆ బోర్డు చదివేవారు, లేదా ఆ వయసులో ఆవిడ ఓపికని మెచ్చుకునేవారు. నా కళ్ళు మాత్రం ఆవిడ ఎక్కడ కూర్చుందో చూశాయి. అణియం మీద. పడవ ముందు కొసని మా వైపు అణియం అంటారు. అంతమంది ఎక్కిన పడవలో మళ్ళీ ఆవిడే ముందు. అరవై ఆరేళ్ళ దాన్ని, చేతిలో కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, ఆ ఫొటోని రెండు వేళ్ళతో పెద్దది చేసి మరీ కుళ్ళుకున్నాను. మూడేళ్ళు పెద్దదైన అక్క మీకూ ఉంటే నేను వేరే చెప్పనక్కర్లేదు.

మాది కోనసీమలో ఏటి ఒడ్డు ఊరు. ఊళ్ళో ఇంకెవరూ చేపల చెరువుల మాట తలపెట్టని రోజుల్లోనే మా నాన్నగారు వరిచేను తవ్వించి చేపలు వేశారు. ఊళ్ళోవాళ్ళు నవ్వారు, నీటికుక్కలు సంతోషించాయి. చలికాలం రాగానే అవి పిల్లాపాపలతో మడ అడవుల నుంచి ఎగువకి వచ్చి, చేపల తలలు తినేసి మొండేలు గట్టు మీద వదిలేసి పోయేవి. అందుకని ప్రతి పుష్యమాసంలోనూ నాన్నగారు రెండు ఇనప బోనులు పడవలో వేసుకుని, సముద్రం దగ్గర పాయల్లోకి వెళ్ళి, ఏ ఇసుక తిప్ప మీదో టార్పాలిన్ కట్టుకుని మూడు నాలుగు రోజులు ఉండి వాటిని పట్టేవారు. వాటి తోళ్ళు కొనుక్కోవడానికి ఒకాయన వచ్చేవాడు. అది తప్పని ఆ రోజుల్లో మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

మగపిల్లలు లేని ఇల్లు కాబట్టి సాయానికి అక్కని తీసుకెళ్ళేవారు. తిరిగి వచ్చాక పది రోజుల దాకా ఆవిడ నోటి వెంట అవే కబుర్లు. ఏ రంగు నీళ్ళు లోతో, ఏ పిట్ట అరిస్తే పోటు తిరుగుతుందో, ఇంట్లో మంచినీళ్ళు కూడా ముంచుకోని నాన్నగారు అక్కడ మూడు రాళ్ళ పొయ్యి మీద ఎంత బాగా చేపల పులుసు పెడతారో. అమ్మా నాయనమ్మా నోరు తెరుచుకుని వినేవారు. నేను విననట్టు వంటింట్లోకి పోయి, తలుపు వెనక నిలబడి ఒక్క ముక్క పోకుండా వినేదాన్ని. నాకు ఆ పడవ కావాలి, ఆ పులుసు కావాలి, అన్నిటికన్నా నాన్నగారు అక్కడ అక్కతో మాట్లాడే ఆ మాటలు కావాలి. ఇంట్లో ఆయన మాతో మాట్లాడేది తక్కువ.

నాకు పన్నెండో ఏడు వచ్చిన ఏట రెండు రోజులు అన్నం మానేసి, చివరికి నన్నూ తీసుకెళ్ళేలా చేసుకున్నాను. తీరా వెళితే పడవలో నా చోటు మధ్యలో, బియ్యం మూటకీ బోనులకీ నడుమ. అణియం అక్కదే. పైగా దారిలో నాన్నగారు ఆవిడతో అన్న మాట విని నాకు కడుపులో మంట పుట్టింది.

"ఈసారి నీ బోనులో పడిందంటే వచ్చే ఏడు చుక్కాని నీకే ఇస్తానమ్మా."

మా వైపు ఆడపిల్ల చేతికి చుక్కాని ఇవ్వడం నేనెక్కడా వినలేదు. అక్క వెనక్కి తిరగలేదు గానీ, ఆనందంతో ఆవిడ చెవులు ఎర్రబడడం నాకు కనబడింది.

బోను పెట్టడానికి నాన్నగారికి ఒక నియమం ఉండేది. మనిషి వాసన తగిలిన బోను వైపు నీటికుక్క కన్నెత్తి చూడదని ఆయన నమ్మకం. బయల్దేరే మూడు రోజుల ముందు నుంచీ ఒంటికి సబ్బు, తలకి నూనె, జడలో పూలు కూడదు. బోను పెట్టేవాళ్ళు పాయలోని బురద చేతులకి రాసుకుని, మడ ఆకులు నలిపి ఊచలన్నీ తుడవాలి. అక్క జుట్టు పీచులా ఎండిపోయినా కిమ్మనేది కాదు. నా జుట్టు మరీ పొడి జుట్టని నాయనమ్మ మెంతులు వేసి కాచిన కొబ్బరినూనె, ఎవరికీ చెప్పకుండా, చిన్న సీసాలో పోసి నా బట్టల మూటలో పెట్టింది. ఆ నూనె ఇంట్లో నా ఒక్కదానికే కాచేవారు.

తిప్ప మీద దిగిన మర్నాడు పొద్దున్న నాన్నగారు ఒక బోను, అక్క ఒక బోను పెట్టారు. మధ్యాహ్నం వాళ్ళిద్దరూ పొయ్యిలోకి పుల్లలు ఏరడానికి వెళ్ళారు, నన్ను పొయ్యి దగ్గర ఉండమన్నారు. పుల్లలు ఏరేటప్పుడు కూడా వాళ్ళు ఏవో మాట్లాడుకుంటూ వెళుతున్నారు. ఆ గొంతులు దూరమయ్యేదాకా విని, సీసా తీసుకుని, మోకాళ్ళలోతు బురదలో అక్క బోను దాకా నడిచి, దాని తలుపుకి అరచేతి నిండా నూనె రాసి వచ్చేశాను. అడుగులు కనబడకుండా పోటు నీళ్ళు కాపాడాయి.

తెల్లవారి చూస్తే నాన్నగారి బోనులో ఒక పెద్దది పడింది. ముందు కాళ్ళతో ఊచలు పట్టుకుని, మనిషి చూసినట్టే మా ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. అక్క బోను ఖాళీ. దాని వైపు వచ్చిన నీటికుక్క అడుగులు మూరెడు దూరంలో ఆగి వెనక్కి తిరిగిపోయాయి. నాన్నగారు వంగి తలుపు వాసన చూశారు.

"తలకి నూనె రాసుకున్నావా అమ్మా?"

అక్క తనూ వంగి వాసన చూసింది. తలెత్తి నావైపు ఒక్కసారి చూసి తల దించుకుంది. అవునని గానీ కాదని గానీ అనలేదు. ఆయన తిట్టలేదు, రెట్టించలేదు. తిరుగు ప్రయాణంలో మాత్రం అక్కని మధ్యలో కూర్చోమని, నన్ను అణియం మీదకి రమ్మన్నారు.

మరుసటి ఏడు నన్నొక్కదాన్నే తీసుకెళ్ళారు. నేను కోరుకున్నదంతా నాకే దక్కింది. కానీ దారి పొడుగునా నాన్నగారు ఒక్క పిట్ట పేరు చెప్పలేదు, ఏ నీటి రంగూ చూపించలేదు. పులుసు పెట్టారు, ఇద్దరం మాట్లాడకుండా తిన్నాం. ఇంటికొచ్చాక అక్క గుమ్మంలోనే ఎదురొచ్చి ఏమేం చూశావని ఆత్రంగా అడిగితే, ఆవిడ చెప్పిన పాత కబుర్లనే కాస్త మార్చి ఆవిడకే చెప్పాను. ఆ తరవాతి ఏడాదికి అక్క పెళ్ళయిపోయింది. చుక్కాని ఆవిడ చేతికి రానేలేదు. నాన్నగారు పడవ అమ్మేశారు.

ఇన్నేళ్ళలో ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మొన్న ఫొటో చూసిన ఉక్రోషంలో ఫోన్ చేసి, దెబ్బలాడడానికే మొదలుపెట్టి, ఆ బోనుకి నూనె రాసింది నేనేనని చెప్పేశాను.

"తెలుసులేవే. ఆ మెంతుల వాసన నాకు తెలీదా ఏంటి?" అంది అక్క.

"మరి నాన్నగారితో చెప్పలేదేం?"

"చెబితే ఆయన నిన్నిక పడవ ఎక్కించరు కదే. రెండు రోజులు అన్నం మానేసి మరీ వచ్చావు." ఆ వెంటనే మళ్ళీ తనే అంది. "వచ్చే నెల నువ్వూ రా, వెళదాం. ముందు నువ్వే కూర్చుందువుగాని."

ఫోన్ పెట్టేశాక ఆ ఫొటోని మళ్ళీ తీసి చూశాను. ఇప్పుడు మా ఊళ్ళో వరిచేను వెతుక్కోవాలి, ఎటు చూసినా చెరువులే. ఆ పాయల్లో ఇంజను పడవలు తిరుగుతున్నాయి. నీటికుక్కని పట్టినవాళ్ళకి జైలని బోర్డు మీద రాశారట, మంచిపనే చేశారు. మెంతుల నూనె కాచేవారు లేరు, రాసుకుందామన్నా నాకు అంత జుట్టూ లేదు. అక్క దగ్గర నేను దొంగిలించానని యాభై ఏళ్ళుగా లోపల్లోపల కుమిలిపోతూ దాచుకున్న ఆ ఒక్క చోటు కూడా, తెలిసి ఆవిడ నాకిచ్చిందేనట.

వచ్చే నెల వెళతాను. రేవులో ఆవిడకన్నా ముందే పడవెక్కి, ఎవరు పిలిచినా లేవకుండా మధ్యలో కూర్చుంటాను. ఇవ్వడంలోనైనా ఒక్కసారి ఆవిడకన్నా ముందుండాలని నా కుళ్ళు.