అంకెలు ఆరాక మిగిలిన కరెంటు

గాజు గొట్టాలతో గడియారం చేద్దామన్న ఆలోచన మా మామగారిదే. గని మూసేసినప్పుడు చెత్తలో పడేసిన ఒక పాత కొలత పెట్టెలోంచి ఆయన ఊడదీసి తెచ్చుకున్న ఆరు గాజు గొట్టాలు, గని వాళ్ళిచ్చిన మా ఊరిగాం క్వార్టర్సులో గుడ్డల్లో చుట్టి ఇన్నేళ్లూ ఉన్నాయి. ఒక్కో గొట్టంలో సున్నా నుంచి తొమ్మిది దాకా తీగతో చేసిన అంకెలు. నూట డెబ్బై వోల్టులు ఇస్తే నారింజ రంగులో వెలుగుతాయి.

ఆయన గనిలో ఎలక్ట్రీషియన్. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పే కోడలిని. పన్నెండు వోల్టుల అడాప్టరు నుంచి నూట డెబ్బై తెప్పించే సర్క్యూటు నేనే గీశాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని చూశారు.

"కెపాసిటరుకు అడ్డంగా ఒక రెసిస్టరు ఎయ్యమ్మా. ఆపినాక లోపలుండే కరెంటు కారిపోవాల."

"అవసరం లేదు మామా. ఊరికే వేడెక్కుతాది. మిగిలింది గొట్టాలే తాగేస్తాయి."

రెసిస్టరు మాట నాకు తట్టకముందే ఆయన అన్నారు. నిజం చెప్పాలంటే అదే నా మంట.

అంకెలు మొదటిసారి వెలిగిన రోజు ఆయన ముఖం చూడాల్సింది. గంటసేపు కుర్చీలోంచి లేవలేదు. ఒక గొట్టం కాస్త వంకరగా ఉందని ఆయన అంటే నేను ప్లగ్గు పీకాను. అంకెలు ఆరిపోయాయి. "ఇంగ సరిచేయండి మామా" అన్నాను.

గని అలవాటు కొద్దీ ఆయన ముందు చేతి వెనుక భాగం ఆనించారు. అరచేయి పెడితే, కరెంటు తగలగానే వేళ్ళు తీగను పట్టేసుకుంటాయి. కరెంటు కొట్టినా, ఆ అలవాటు వల్లే చేయి విడిపడి వెనక్కి పడ్డారు. గుండెకు మాత్రలు వేసుకునే మనిషి. గోడకు ఆనుకుని, ఒళ్ళంతా చెమటతో కూర్చుంటే, ఆటో పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్ళాను.

నూరు వోల్టులకు కాస్త పైనే గొట్టాలు ఆరిపోతాయి. మిగతాదంతా కెపాసిటర్లోనే ఉంటుంది. ఏటా క్లాసులో నేను చెప్పే పాఠమే ఇది.

ఈసీజీ బాగానే ఉందన్నారు. మామగారు నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఇంటికొచ్చి తన పెట్టెలోంచి ఒక ఎర్ర ట్యాగు తీసి ప్లగ్గుకు కట్టారు. లైను మీద మనిషి ఉన్నాడని గనిలో స్విచ్చుకు కట్టే ట్యాగు అది. కట్టినవాడే విప్పాలి, మేనేజరైనా ముట్టుకోకూడదు.

సర్క్యూటు కాలేజీకి తీసుకెళ్ళి రెసిస్టరు అతికించాను. పదిసార్లు ఆపి మీటరుతో కొలిచాను. ప్రతిసారీ కొద్ది సెకన్లలో సున్నాకు దిగింది. తెచ్చి ఆయన ముందు పెట్టి, ట్యాగు విప్పమన్నాను.

"ఆపినాక నువ్వు చెయ్యి పెడ్తావా?" అన్నారు.

పెడతానని చెప్పబోయాను. చెయ్యి మాత్రం ముందు బ్యాగులోని మీటరు కోసం వెళ్ళింది.

ఆయన నన్నే చూసి, "భయం వచ్చింది కదమ్మా. ఇంగ విప్పొచ్చు" అన్నారు.

ముడి విప్పుతుంటే ఆయన వేళ్ళు వణికాయి. ఆ వణుకు ముందు నుంచీ ఉందో, నా వల్ల వచ్చిందో, ఎంత తలచుకున్నా నాకు గుర్తు రావడం లేదు. అన్ని రోజులూ పక్కనే కూర్చుని సర్క్యూటు చూశాను గానీ, ఆయన చేతులు ఒక్కసారీ చూడలేదు.