మామ తీసిన పాముల గద్ద

మార్కాపురంలో డిగ్రీ పరీక్షల డ్యూటీ ముగించుకొని ఫోన్ ఆన్ చేయగానే గిద్దలూరు నుంచి అత్త మాట్లాడింది. "మీ మామ పోయినాడమ్మా. కాఫీ తాగి కూర్చున్నోడు కూర్చున్నట్టే పోయినాడు." ఆ వెంటనే, "కెమెరా బ్యాటరీ ఛార్జింగులో పెట్టినాడు. తీసేదా?" అని అడిగింది. తీసెయ్యమన్నాను. అలా అనడం సరైనదో కాదో ఇప్పటికీ తెలియదు.

ఆయన మా అమ్మకు తమ్ముడు. గిద్దలూరులో ఫోటో స్టూడియో నడిపాడు. మీరు ఆ చుట్టుపక్కల పెళ్లి చేసుకొని ఉంటే, గడ్డం కొంచెం పైకెత్తమని మీకు చెప్పింది బహుశా ఆయనే. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చి బేరం తగ్గాక, ఒక పాత పొడుగు లెన్సు కొనుక్కొని ఆదివారాలు నల్లమల అంచుకు పోవడం మొదలుపెట్టాడు. ఎగిరే పెద్ద గద్దల్ని తీసేవాడు.

"కట్టుకున్నదాన్ని ఒక్క ఫోటో సరిగ్గా తియ్యలే" అనేది అత్త.

"నువ్వు కదులుతావు."

"గద్ద కదలదా?"

"అది చెప్పి కదులుతాది."

ఎగిరే పక్షిని కింద నుంచి తీస్తే పొట్ట నల్లగా పడుతుంది. అందుకని ఆయన గద్ద వెంట పరిగెత్తేవాడు కాదు. తెల్లటి సుద్దనేల చూసుకొని, ఎండకు వీపు పెట్టి నిలబడేవాడు. గద్ద ఆ నేల మీదుగా వచ్చి, కింది వెలుగు దాని పొట్ట మీద పడినప్పుడే నొక్కేవాడు. "పెళ్లికూతురి గడ్డం కింద తెల్లగుడ్డ పట్టుకుంటాం చూడు, ఇదీ అంతే. ఇక్కడ గుడ్డ బదులు నేల ఉంది" అని నాకు చెప్పాడు. కోడిపేగులు విసిరి గద్దల్ని దగ్గరికి రప్పించేవాళ్లంటే ఆయనకు గిట్టదు. అట్ల తీస్తే తిండికొచ్చిన మొహం పడుతుందట, ఎగిరే మొహం పడదట. ఆ రెండు మొహాల తేడా నాకెప్పుడూ కనిపించలేదు. ఆయనకైనా నిజంగా కనిపించేదా అని అనుమానం.

ఈ ఎండాకాలం మొదట్లో ఒక గొడవ వచ్చింది. గుట్ట మీద ఒక చెట్టుపై పాముల గద్ద గూడు, అందులో ఒక పిల్ల. గుట్ట కింద మేకలు కాసే ఆయన మందలో మేకపిల్లలు మాయమవుతున్నాయి. చెట్టు కొట్టేస్తానని గొడ్డలి తెచ్చాడు. ఆ రోజు నేనూ మామ వెంట ఉన్నాను.

"అన్నా, నువ్వు ఫోటోలు చూసుకొని మురుస్తావు. నా మేకపిల్లలు నీ గద్దకు తిండి అవుతుండాయి."

"తీసుకపోతుంటే చూసినావా?"

"చూసేదేంది? అంతంత రెక్కలేసుకొని గడ్డి తిని బతుకుతాదా?"

"గూటికి ఏం తెస్తుందో ఫోటో తీసి చూపిస్తా. అందాకా గొడ్డలి పక్కన పెట్టు."

తిరిగొస్తూ బండి మీద అడిగాను. "మామా, ఒకవేళ మేకపిల్లే ఉంటే?"

"ఉంటే అదే చూపిస్తా."

"చెట్టు కొట్టేస్తాడు కదా."

ఆయన గుంత తప్పించి బండిని పక్కకు తిప్పాడు. "కొట్టేస్తాడు" అన్నాడు.

మరుసటి రోజు నుంచి స్టూడియో మూసి అక్కడే కాపేశాడు. చివరికి ఫోటో దొరికింది. రెక్కల అడుగున ఈక ఈకా వేరుగా కనిపిస్తోంది. సగం మింగిన పాము తోక ముక్కు నుంచి వేలాడుతోంది. కాపరి తలగుడ్డ తీసి కెమెరాకు నీడ పట్టి చాలాసేపు చూశాడు.

"పామే" అన్నాడు. "మరి నా పిల్లల్ని తిన్నదెవరు?"

"అది నా కెమెరాకు తెల్దు. నక్కేమో చూసుకో."

"ఈ పొద్దు పాము తెచ్చింది సరే. రేపు మేకపిల్లను తేదని నమ్మకమేంది?"

మామ కెమెరా ఆపి సంచిలో పెట్టుకున్నాడు. ఫోటో ఆ ఒక్క క్షణానికే సాక్ష్యం కదా. కాపరే గొడ్డలి భుజాన వేసుకొని, "పిల్ల ఎగిరేదాకా ఆగుతాలే, నీ మొహం చూసి" అన్నాడు.

పిల్ల ఎగరకముందే మామ పోయాడు. ఎవరి మొహం చూసి ఆగుతానన్నాడో ఆ మొహం ఇప్పుడు లేదు. పెద్దకర్మ అయిన మర్నాడు ఉండబట్టలేక గుట్టకు పోయాను. దూరం నుంచే చెట్టు కనిపించింది. కాపరి మంద చుట్టూ కొత్తగా ముళ్లకంప వేస్తున్నాడు.

"ఎగిరిందా?" అని అడిగాను.

"యాడ పాపా. పొద్దున్నుంచి గూట్లో నిలబడి రెక్కలు కొట్టుకుంటుండాది. బద్ధకపుది, మా చిన్నోని మాదిరి."

మాట్లాడుతుండగానే గుట్ట వెనక నుంచి పెద్ద గద్ద వచ్చింది. దాని నీడ మంద మీదుగా జారిపోయింది. మేకపిల్లలు తల్లుల కడుపుల కిందికి దూరాయి. కాపరి వంగి ఒక రాయి అందుకున్నాడు. విసురుతాడేమో అనుకున్నాను. రాయి పట్టుకున్న చేతినే కళ్లకు ఎండ అడ్డం పెట్టుకొని, గద్ద నోట ఏం తెచ్చిందో చూస్తూ నిలబడ్డాడు.