నాయనమ్మ నెత్తికి పెట్టుకోని నూనె

నా చిన్నప్పుడు ఏ నూనె సీసా కనబడినా అది మా నాయనమ్మ నెత్తికెక్కాల్సిందే. కొబ్బరినూనె, ఆముదం, నువ్వుల నూనె, ఆమెకు తేడా లేదు. అరచేతి నిండా వంపుకుని, మాడుకు దట్టంగా మర్దించి, ఒక పూటంతా ఎండలో కూర్చునేది. ఆ తర్వాతే కుంకుడుకాయలతో తలస్నానం. పండగకు ఊరికి పోతే పిల్లలమైన మాకూ అదే శిక్ష. ఆమె సీసా పట్టుకుందంటే నేను మంచం కింద దూరేదాన్ని.

అలాంటి మనిషి మా తాతయ్య పోయాక నెత్తికి నూనె పెట్టుకోవడమే మానేసింది. నాన్న ఆమెను తార్నాకలోని మా ఇంటికి తీసుకొచ్చాడు. తిండి సహించదు, కంటికి నిద్ర లేదు. ఎప్పుడు చూసినా గోడవైపు తిరిగి పడుకునేది. నేను ఆమె పక్కనే పడుకునేదాన్ని కానీ, కథ చెప్పమని అడగడానికి భయం వేసేది. తాతయ్య వెంట ఈమె కూడా వెళ్లిపోతుందేమోనని దుప్పటి ముసుగేసుకుని ఏడ్చేదాన్ని.

మా చిన్నమ్మ, అంటే అమ్మ చెల్లెలు, అప్పుడు మా ఇంట్లోనే ఉండి యూనివర్సిటీలో కెమిస్ట్రీ చదువుకునేది. సాయంత్రం క్యాంపస్ నుంచి నడిచొచ్చేసరికి ఆమె చున్నీకి ల్యాబ్‌లోని ఏదో ఒక మందు వాసన అంటుకుని ఉండేది. ఆ రోజు మాత్రం ఆమె గడప దాటగానే ఇల్లంతా నిమ్మకాయ వాసన. నిమ్మతొక్కల నుంచి పచ్చిగా పిండి తీసిన నూనె, బొటనవేలంత సీసాలో ఉంది. ఈ వాసన చూస్తే మనసు కొంచెం తేలికపడుతుందని వాళ్ల మేడమ్ చెబితే నాయనమ్మ కోసం తెచ్చింది.

మూత తీయగానే నాయనమ్మ లేచి కూర్చుంది. మా ఇంటికొచ్చాక ఎవరూ లేపకుండా ఆమె లేవడం అదే మొదలు. "గిది మీ తాత చేతుల వాసననే బిడ్డా," అంది నాతో. తాతయ్య పొలం గట్టున నిమ్మచెట్లు పెంచాడు. పొద్దంతా కాయలు తెంపి ఇంటికొస్తే ఎంత కడిగినా ఆయన చేతులు అదే వాసన వేసేవట. ఇక ఆగుతుందా, అరచెయ్యి చాచింది. సీసా మొత్తం వంపమంది. పొద్దున్నే మిద్దె మీద ఎండలో కూర్చుంటానంది.

చిన్నమ్మ సీసా వెనక్కి లాక్కుంది. ఇది అట్లే ఒంటికి రాసుకునే నూనె కాదని, మంట పుడుతుందని, రాసుకుని ఎండకు పోతే చర్మం కాలినట్టయి బొబ్బలెక్కి నల్లమచ్చలు పడతాయని చెప్పింది. నాయనమ్మ వింటేగా!

"నూనెను నెత్తికి పెట్టకుంటె ఏం జేస్తరు, పూజ జేస్తరా? నిమ్మకాయ నన్నేం జేస్తది?" అని మూతి ముడుచుకుని మళ్లీ గోడవైపు తిరగబోయింది. ఇస్తే తన సొమ్మేం పోతుందని చిన్నమ్మ మీద పట్టరాని కోపం వచ్చింది.

చిన్నమ్మ వాదించలేదు. మా తమ్ముడి పుట్టినరోజుకు తెచ్చిన బుగ్గల్లో, అంటే బెలూన్లలో, మిగిలిన ఒకదాన్ని వెతికి, బిర్రుగా ఊది, ముడేసి నాయనమ్మ ఒళ్లో పెట్టింది. దూది కొసకు ఒక్క చుక్క నూనె అద్ది ఆ బుగ్గకు తాకించింది. ఢాం! నాయనమ్మ ఎగిరిపడింది. నేను కెవ్వుమన్నాను. వంటింట్లోంచి అమ్మ గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది.

"ఒక్క సుక్కకే రబ్బరు గట్ల పలిగింది. ఇగ సీసా అంత మీ మాడు మీద పొయ్యాల్నా అత్తమ్మా?" అని చిన్నమ్మ నెమ్మదిగా అడిగింది.

నాయనమ్మ ఒళ్లోని రబ్బరు ముక్కలను ఒక్కొక్కటే ఏరింది. తర్వాత, "మీ తాత గూడ గంతే. దూరంకెల్లి సల్లగనే ఉంటుండె, దగ్గరికి పోతె ఢామ్మంటుండె," అని నవ్వింది. పొట్ట పట్టుకుని, కళ్లనీళ్లు కారేదాకా నవ్వింది. మేమందరం నవ్వాం. ఎందుకో తెలియకుండానే తమ్ముడు కూడా నవ్వాడు.

నాయనమ్మ పెట్టెలోంచి తాతయ్య రుమాలు తీయించి, చిన్నమ్మ దాని అంచున రెండు చుక్కలు వేసి, కిటికీ ఊచకు కట్టింది. కిటికీ రెక్క కొంచెం తెరిచే ఉంచింది. చేతులకు పూసుకుంటానని నాయనమ్మ పట్టుబడితే రెండు చెంచాల నువ్వుల నూనెలో ఒక్క చుక్క కలిపింది. ముందు మోచేతి మడతలో కాస్త రాసి, మర్నాటి దాకా ఏమీ కాలేదని చూశాకే చేతులకు రాసింది. అదీ పొద్దుగూకాకే, రాసిన మర్నాడు ఎండలో కూర్చోవద్దనే షరతు మీద. సీసాను పొయ్యికి దూరంగా, తమ్ముడికి అందనంత పైన పెట్టింది.

రుమాలు కట్టిన మర్నాడు పొద్దున నేను లేచేసరికి నాయనమ్మ గురక పెడుతోంది. కదిలితే ఎక్కడ లేస్తుందోనని స్కూలుకు ఆలస్యమవుతున్నా అలాగే పడుకున్నాను. ఆ గురక నాకెంత ముద్దొచ్చిందో చెప్పలేను. కొన్నాళ్లకు ఆమె మాతో క్యాంపస్‌కి వాకింగ్‌కి కూడా వచ్చింది. దారిలో కనబడ్డ పిల్లలందరికీ బుగ్గ కథ చెప్పింది, ప్రతిసారీ దాని చప్పుడు పెంచుకుంటూ.

ఇప్పుడు నాదీ ఆమె వయసే. మా మనవరాలు ఇలాంటి సీసాలే ఆన్‌లైన్‌లో తెప్పించి, నేచురల్ కదా ఏం కాదంటూ ముఖానికి రాసుకుని కాలేజీకి పోబోతుంటే, నేను ఒక బుగ్గ తెమ్మన్నాను.

మా ఆయన పోయాక నాకూ నిద్ర దూరమైంది. ఆయన రుమాలు అంచున రెండు చుక్కలు వేసి కిటికీకి కట్టుకుంటాను. ఆయన నిమ్మచెట్లు పెంచలేదు, కోపం మాత్రం అచ్చం తాతయ్యదే. దూరంకెల్లి సల్లగనే ఉంటుండె అనుకుంటాను. నవ్వొస్తుంది. ఆ నవ్వులోనే నిద్ర పడుతుంది.