మా బావగారి పెద్ద చక్రం బండి

నేను మిషన్ బడిలో చిన్న పంతులుగా ఉన్న రోజుల్లో మా బావగారు అక్కడే పెద్ద పంతులు. కాలవల వెంబడి ఉన్న పల్లెటూరి బళ్లను తనిఖీ చేసే ఉద్యోగం అప్పుడే ఖాళీ అయింది. కొత్త మనిషిని వేసేదాకా ఆ పని ఆయనే చూస్తున్నారు. చివరికి అది తనకే దక్కుతుందని ఆయన నమ్మకం. ఎందుకంటే, మా వైపు దొరలు కాకుండా సైకిలున్నది ఆయనొక్కరికే.

సీమకు తిరిగి వెళ్లిపోతూ ఒక ముసలి దొర ఇచ్చిన బండి అది. ముందు చక్రం మనిషి గుండెల ఎత్తు, వెనకది అన్నం పళ్లెమంత. అలాంటివి చెయ్యడం సీమలో అప్పటికే మానేశారట. బావగారు దాన్ని వారానికి రెండుసార్లు నూనెగుడ్డతో తుడిచి, పైన దుప్పటి కప్పేవారు. చలికాలంలో కూడా ఆ దుప్పటి మా అక్కకు దక్కలేదు.

తనిఖీకి బండి లేకుండా వెళ్లేవారు కాదు. నిడదవోలులో ఇద్దరు మనుషులు దాన్ని పడవెక్కించాలి, నరసాపురంలో ఇంకో ఇద్దరు దించాలి. అక్కణ్ణుంచి మొగల్తూరుదాకా చేత్తో నడిపించుకుంటూ వెళ్లేవారు. ఎక్కరేమండీ అని రైతులు అడిగితే, పెద్దలు నడిచే దారిలో ఎక్కి కూర్చోవడం మర్యాద కాదనేవారు. మంచి మర్యాదస్తుడని పేరొచ్చింది.

ఉద్యోగం సంగతి తేల్చడానికి కొత్త దొర వచ్చాడు. దుప్పటి తియ్యగానే ఆయన ముఖం వెలిగింది. కుర్రతనంలో ఇలాంటిదే తొక్కాడట. తోలు సీటు మీద తయారుచేసినవాడి ముద్ర, ఇత్తడి గంట, నూనె దీపం, సంచిలో కట్టు విప్పని పానాలు, ఒక్కొక్కటే ముచ్చటగా చూస్తూ పోయాడు. బావగారు నావైపు చూసి కళ్లతోనే ఉద్యోగంలో చేరిపోయారు.

తరవాత దొర వంగి, ఎక్కేటప్పుడు కాలు పెట్టే ఇనుప మెట్టు చూశాడు. దాని నల్లరంగు పోలేదు. పెడళ్ల గాట్లు అరగలేదు. ఆయన రాజమండ్రిలో మునిషీ దగ్గర పుస్తకాల తెలుగు నేర్చుకున్న మనిషి.

“మీరు దీనిని ఎన్నడును అధిరోహింపలేదు,” అన్నాడు.

“ఎక్కితే పాడైపోదాండీ?” అన్నారు బావగారు.

దొర నవ్వలేదు. తనిఖీ ఉద్యోగం కాలినడకన తిరిగే ఇంకో పంతులుకిచ్చాడు. అయితే ఇన్నేళ్లలో ఒక్క మరమేకు కూడా పోగొట్టని మనిషిని వదులుకోబుద్ధి కాలేదు కాబోలు, బళ్లకు పలకలూ పుస్తకాలూ పంచే గది తాళాలు బావగారికి అప్పగించాడు. ఆయన రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. మూడో రోజు గది తెరిచి దుమ్ము దులపడం మొదలుపెట్టారు.

వానాకాలంలో మా తరగతికి పలకలు కావాలని వెళ్లాను. ఆయన పెట్టెలోంచి ఒకటి తీసి, చుట్టిన గడ్డి విప్పి, కిటికీ వెలుతురుకు పట్టి చూపించారు.

“చూశావా, ఒక్క గీత పడలేదు,” అని మళ్లీ గడ్డి చుట్టి లోపల పెట్టేశారు.

ఆ ఏడాది మా పిల్లలు ఇసకలోనే రాసుకున్నారు.