మామ మొక్కే చెయిన్ కవరు

మా మేనమామ మోటార్‌సైకిల్ ఎక్కినప్పుడల్లా వంగి, దాని చెయిన్ కవరును తాకి, వేళ్లు కళ్లకద్దుకునేవాడు. కోవిల్‌పట్టి బజారులో చూసినవాళ్లు గొప్ప భక్తుడనుకునేవారు.

అసలు సంగతి వేరు. ఆ పాతకాలపు బండికి చెయిన్ కవరు ఎప్పుడో ఊడిపోయింది. ఓ రోజు అత్త చీర కుచ్చిళ్లు చెయిన్‌లో చిక్కుకుని చిరిగాయి. "ఇంగ ఈ బండి నేను ఎక్కేది లేదు" అని అత్త బస్సులోనే విరుదునగర్ పోయింది. మామకు పౌరుషం వచ్చింది. అటక మీది, నీళ్లు నిలవని ఓటి స్టీలు అండా దించి, కత్తిరించి, సుత్తితో సాగగొట్టి రెండు రోజుల్లో కవరు చేశాడు. బిగించాక చూస్తే, దాని మీద అత్త వాళ్లమ్మ పేరు తళతళలాడుతోంది! పెళ్లిలో ఆమె తన పేరు చెక్కించి ఇచ్చిన అండా అది.

ఎక్కినా దిగినా మామ కాలు ఆ పేరుకే తగిలేది. తగిలాక మొక్కకుండా ఎలా?

"పేరు లోపలికి పోయేట్టు తిప్పి బిగించరాదా మామా?" అన్నాను.

"పెద్దామె మొగానికి గ్రీసు పూసేదా? పాపం తగుల్తాది అల్లుడా!"

అప్పటికే వెనక సీటెక్కి కూర్చున్న అత్త అంది: "మా అమ్మ బతికుండంగా ఒకతూరైనా కాళ్లకు మొక్కినాడేమో అడుగు!"